సిలువ మోసేవాడి చెమట

ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో నలభై రోజుల పాటు నేను పుణ్యాత్ముడిగా బతికాను. అంత ఇరుకు బతుకు ఇంకొకటి ఉండదని అనుభవం మీద చెబుతున్నాను. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో దిగి ఎక్కినవాణ్ని, నడుం వంచి నడవాల్సిన దారుల్లో డ్యూటీలు చేసినవాణ్ని. అక్కడ కూడా అంత ఊపిరాడకపోవడం ఎరగను.

మాది ఇల్లందుకు ఆవల, అడవి అంచున ఉన్న ఊరు. చర్చి వెనక గుట్ట ఉంది. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం వెళ్లాక వచ్చే ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ గుట్ట మీదికి సిలువ మార్గం నడుస్తాం. దారి పొడవునా పద్నాలుగు బండలకు సున్నం కొట్టి ఉంటుంది. ఒక్కో బండ దగ్గర ఆగి, ప్రభువు పడిన ఒక్కో శ్రమను చదివి, మోకరించి లేస్తాం. ముందు ఒకడు సిలువ మోస్తాడు, వెనక ఊరంతా పాడుకుంటూ వస్తుంది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ ముందు నడిచేవాణ్ని నేనే. నల్లమద్ది కర్రతో చేసిన సిలువ అది, ఇద్దరు పట్టి లేపి భుజాన పెట్టాలి. వయసులో ఉన్నవాళ్లు నేను మోస్తానంటే నేను మోస్తానని ఎగబడిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. నాలుగో బండ దాటేలోపే రొప్పుకుంటూ మళ్లీ నాకే అప్పజెప్పేవాళ్లు. "స్తెఫనుది బాయి భుజంరా!" అనేవాళ్లు పెద్దలు. ఆ మాట కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేవాణ్నని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆ ఏడు మొదటి శుక్రవారం ఐదో బండ దగ్గర కడుపులోంచి ఒక సెగ పైకి ఎగదన్నింది. రొమ్ము, మెడ, చెవులు, నెత్తి అన్నీ పొయ్యి మీద పెట్టినట్టు మండాయి. మరుక్షణం చెమట. కారడం కాదు, బిందెతో గుమ్మరించినట్టు. అంగీ ఒంటికి అంటుకుపోయింది. దాని వెంటే ఏడుపు వచ్చింది. చదువుతున్నది ఏటా వినే వాక్యమే. అయినా గొంతులోంచి ఎక్కిళ్లు తన్నుకొచ్చాయి. అరవై నాలుగేళ్ల మనిషిని, సిలువ భుజాన పెట్టుకుని పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.

జపమాల చెప్పించే ఆడవాళ్ల సంఘం మరియదళానికి పెద్దగా ఉన్న ముత్తక్క నా వెనకే నడుస్తోంది. ఆమె గొంతు గుట్ట కింద దాకా వినిపిస్తుంది.

"చూడుండ్రమ్మా! అన్న ఒళ్లంత ఎట్ల తడిసిందో! ప్రభువు శ్రమ అన్న మీదికే దిగింది!"

అంతే. ఆడవాళ్లు కంకర మీదే మోకరించారు. మగవాళ్లు తువాళ్లు తీసి చేతుల్లో పట్టుకున్నారు.

నా మీదికి దిగింది ప్రభువు శ్రమ కాదు. క్రిస్మస్ అయిన వారానికి ఖమ్మం దవాఖానాలో నా పొట్ట మీద పొడిచిన సూది.

మూత్రం సరిగ్గా రావడం లేదని పోతే పరీక్షల మీద పరీక్షలు చేసి, ప్రోస్టేటు గ్రంథిలో గడ్డ ఉందన్నారు. డాక్టరు మంచి మనిషే, విడమరిచి చెప్పాడు. మగ హార్మోను ఆ గడ్డకు తిండి అట. మూడు నెలలకొకసారి సూది వేస్తే ఆ తిండి ఆగిపోతుంది, గడ్డ ముడుచుకుంటుంది, నేను ఇంకా చాలా ఏళ్లు బతుకుతాను. "కాకపోతే పెద్దాయనా, ఒళ్లు ఉడుకుతది. కండ తగ్గుతది, ఎముకలు పలచబడతయ్. ఊరికూరికె కోపం, ఏడుపు వస్తయ్. ఆడోళ్లకు ముట్లు ఆగేటప్పుడు అయితదే, గట్ల అనుకో" అన్నాడు. ఆడోళ్లకు అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. బయటికొచ్చి నా భార్య రిబ్కాతో, "గీ సంగతి ఊళ్ల ఎవ్వలకు చెప్పకు" అన్నాను. ఆమె ఫైలు సంచిలో పెట్టుకుని, "నేనెందుకు చెప్త?" అంది.

మొదటి శుక్రవారం గుట్ట దిగి ఇంటికొచ్చేసరికి మళ్లీ సెగ లేచింది. కొత్తకుండ నీళ్లలో నూలు తువాలు ముంచి, సగం పిండి, రిబ్కా నా మెడ వెనక వేసింది. రెండు చేతులూ చాపమని మణికట్ల మీద చెంబెడు నీళ్లు పోసింది.

"పొద్దుగాల చాయ్ బంద్ చెయ్. పచ్చికారం తగ్గించు. ఉడుకు ఎక్కేముందు గుండె దడదడ అంటది సూడు, అప్పుడే కూసో. నిలబడితె తల తిరిగి పడతవ్."

అన్నీ సరిగ్గా ఆమె చెప్పినట్టే అవుతున్నాయి. డాక్టరు కూడా అంత వివరంగా చెప్పలేదు.

"నీకెట్ల తెలుసే గివన్ని?" అన్నాను.

ఆమె తువాలు తిప్పి రెండో పక్క వేసింది. "తెలుసు" అంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. గుర్తు రావడం అంటే మరిచిపోయానని కాదు, ఆ వైపు ఎన్నడూ చూడలేదని.

పదేళ్ల కింద రిబ్కాకు నలభై ఎనిమిది. మరియదళానికి అప్పుడు పెద్ద ఆమే. పూజ మధ్యలో ఉన్నట్టుండి చెంగుతో విసురుకుంటూ బయటికి వెళ్లిపోయేది. జపమాల చెప్పిస్తూ మధ్యలో మాట మరిచిపోయేది, గుర్తు చేసినవాళ్ల మీద విరుచుకుపడేది. ఒకరోజు చలికాలంలో తలుపులన్నీ బార్లా తెరిచి, వద్దన్నందుకు అన్నం గిన్నె వాకిట్లోకి విసిరింది. నాకు తోచిన వైద్యం నేను చేశాను. దయ్యం పట్టిందన్నాను. ఆ మాట మొదట అన్నది నేనే, ఇంకెవరూ కాదు. బోనకల్ వైపు మా చుట్టాల ఊళ్లో ఉపవాస ప్రార్థన కూటం జరుగుతుంటే మూడు రోజులు తీసుకెళ్లి కూర్చోబెట్టాను. నలుగురు ఆడవాళ్లు ఆమె తల వంచి పట్టుకుని, "పో, వెళ్లిపో!" అని కేకలు పెట్టారు. ఆ నలుగురిలో మా వెంట వచ్చిన ముత్తక్క ఒకతె. తిరిగొచ్చాక మరియదళం నుంచి రిబ్కా పేరు కొట్టేశారు. దయ్యం పట్టిన మనిషి జపమాల ఎట్లా చెప్పిస్తుందని. ఆ రోజు నుంచి ఆమె గుడిలో చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంటుంది. ఇంట్లో ఈ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సద్దుమణిగిందని నేను సంతోషించాను.

తడి తువాలు మెడ మీద చల్లగా ఉంది.

రెండో శుక్రవారానికి జనం పెరిగారు. ములకలపల్లి వైపు నుంచి కూడా ఆటోల్లో వచ్చారు. సెగ తన టైముకు తాను వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముత్తక్క తెల్ల చేతిరుమాలుతో నా నుదురు ఒత్తి, దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. మర్నాడు ఆ రుమాలు ఎవరో జ్వరం మనిషి తల కింద పెట్టారట, జ్వరం తగ్గిందట. గోలీ కూడా వేశారు, కానీ గోలీ సంగతి ఎవరూ చెప్పుకోలేదు.

ఆ ఆదివారం ప్రసంగంలో జస్టిన్ ఫాదర్‌గారు నా పేరు ఎత్తారు. చిన్న వయసు, మంచి మనసు. "మనలో ఎంతమందికి స్తెఫనుగారి కన్నీళ్లలో ఒక్క చుక్కయినా ఉంది?" అని అడిగారు. అందరూ తలలు తిప్పి నన్ను చూశారు. నేను తలదించుకున్నాను. అది వినయం అనుకున్నారు. ఏం చేసినా పుణ్యం ఖాతాలోకే పోతోంది. కోపం వస్తే ధర్మాగ్రహం, నిద్రపట్టక తెల్లారకముందే చర్చి అరుగు మీద కూర్చుంటే ప్రార్థన. కక్కలేక మింగలేక నేను రోజు రోజుకూ బిగుసుకుపోయాను.

ఇక ఉండబట్టలేక పాపసంకీర్తనానికి వెళ్లి ఫాదర్‌గారి చెవిలో అంతా చెప్పేశాను. గడ్డ, సూది, సెగలు, అబద్ధం.

"స్తెఫనుగారూ, దేవుడు ఏ దారిన పనిచేస్తాడో మనకేం తెలుసు? సూది వల్ల వచ్చినా కన్నీళ్లు కన్నీళ్లే కదా. మీ వల్ల ఎంతమంది గుడికి వస్తున్నారో చూడండి."

"మరి చెప్పొద్దంటరా ఫాదర్‌గారూ?"

"నేను చెప్పమనను, వద్దనను. మీ మనస్సాక్షి."

ఉన్న ఒక్క తలుపూ అట్లా మెల్లగా మూసుకుంది. మనస్సాక్షి అని ఒకటి ఉందని నాకూ తెలుసు. దాన్ని నడిపించేవాడి కోసమే అంత దూరం పోయాను.

మరో సంగతి, నాకు భుజం పట్టు తప్పుతోంది. మూడో శుక్రవారం సిలువ ఎత్తినప్పుడు మోకాళ్లు వణికాయి. చేతులు పిసికి చూసుకుంటే కండ ఉండాల్సిన చోట మెత్తగా తగిలింది. తపస్సుకాలం కాబట్టి మాంసం లేదు, ఉడకబెట్టిన గుడ్లు, పెసలు మెక్కాను. ఏం లాభం? గుడ్ ఫ్రైడేకు వెయ్యి మంది వస్తారంటున్నారు. వెయ్యి మంది ముందు పుణ్యాత్ముడు బొక్కబోర్లా పడితే ఏం గాను? అప్పుడు నా బుర్రకు ఒక ఆలోచన తట్టింది. బాయిలో పనిచేసినవాడి తెలివి కదా, లోతుగానే ఉంటుంది. కండ తీసేది సూది. మార్చి చివర రెండో సూది పడాలి. అది మానేస్తే పండుగనాటికి సత్తువ తిరిగొస్తుంది!

సూదికి పోవాల్సిన రోజు పొద్దున రిబ్కా ఫైలు, గొడుగు, నీళ్ల సీసా గడప దగ్గర పెట్టి కూర్చుంది.

"లెవ్వు. తొమ్మిదింటి బస్సుకు పోదాం."

"ఇయ్యాల గాదు."

"మరెప్పుడు?"

"పండుగ అయినంక. సూది పడితె కాళ్లల్ల సత్తువ ఉంటలేదు. సిలువ ఎవడు మోస్తడు?"

"ఊళ్ల మొగోళ్లే కరువైండ్రా?"

"ఉన్నరు. గని జనం నన్ను చూసెటందుకు వస్తుండ్రు రిబ్కా."

"నిన్నా? నీ చెమటనా?"

ఆమె అరవలేదు. సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి, మళ్లీ బిగించింది.

"నాకు పట్టింది దయ్యం, నీకు పట్టింది దేవుడు. ఇద్దరికి వచ్చింది ఒక్క చెమటనే గదయ్యా."

ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను. "తప్పయింది రిబ్కా. నాకు అప్పుడు తెల్వక..."

"లెవ్వు లెవ్వు. నాకు జెప్పుడెందుకు? నాకు దయ్యం పట్టలేదని నాకు ఎరికె. ఎరిక లేనోళ్లకు చెప్పు. నా పేరు నలుగుట్ల కొట్టేసిండ్రు, నలుగుట్లనే చెప్పు."

"చెప్తె నన్ను ఏమంటరే? ఆడోళ్ల రోగం అంటరు."

"అంటరు" అంది. "నన్ను అనలేదా?"

తొమ్మిదింటి బస్సు హారన్ కొట్టుకుంటూ మా వీధి చివర నుంచి వెళ్లిపోయింది. రిబ్కా లేచి ఫైలు మళ్లీ పెట్టెలో పెట్టింది.

"సూది నీ పానం. ఏసుకుంటవో మానుకుంటవో నువ్వే సూసుకో. నువ్వు సస్తె ఏడుస్త. కని నిన్ను పుణ్యాత్ముడని రాసి పాతిపెట్టనియ్య. గది మాత్రం యాదుంచుకో."

ఆ తరువాత మూడు వారాలు ఆమె మామూలుగానే ఉంది. కుండ నీళ్లు, తడి తువాలు, వేళకు అన్నం. అదే నన్ను చంపింది. తిట్టినా బాగుండేది. సిలువ మోయాలంటే సూది మానాలి, సూది వేయించుకోవాలంటే నిజం చెప్పాలి, నిజం చెప్తే సిలువా లేదు, స్తెఫనన్నా లేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నేను ఉడికిపోతూ కూర్చున్నాను. సూది మానినా సత్తువ రాలేదు, సెగలూ పోలేదు. మొదటి సూది మందు ఇంకా ఒంట్లోనే ఉంది కాబోలు. ఎటూ కాకుండా పోయాను.

గుడ్ ఫ్రైడే రోజు ఎండ మాడ్చేస్తోంది. వెయ్యి మంది కాదు గానీ, గుట్ట అడుగు నుంచి రోడ్డు దాకా తలలే. ఇద్దరు సిలువ లేపి నా భుజాన పెట్టారు. మొదటి బండ, రెండో బండ. కుడి మోకాలు కలుక్కుమంటోంది. ఎముకలు పలచబడతాయన్న డాక్టరు మాట ప్రతి అడుగుకూ వినిపించింది. ఆరో బండ దగ్గర సెగ లేచింది. ముత్తక్క రుమాలుతో సిద్ధంగా ఉంది, ఈసారి ఆమె వెనక ఇంకో పది రుమాళ్లు ఉన్నాయి. నా ముఖం మీద ఒకదాని తరువాత ఒకటి గుడ్డలు ఒత్తుతుంటే నాకు ఊపిరి అందలేదు.

తొమ్మిదో బండ దగ్గర ప్రభువు మూడోసారి పడిపోవడం చదువుతారు. అక్కడ నేను పడలేదు. సిలువ కొసను బండకు ఆనించి, మెల్లగా భుజం తప్పించి, కిందికి దించాను. పాట ఆగిపోయింది.

"ఫాదర్‌గారూ, ఒక్క మాట."

ఆయన నా ముఖం చూసి, చదువుతున్న పుస్తకం మూశారు.

"నాకు గడ్డ ఉంది" అన్నాను. "మూత్రం పోయే కాడ. దానికి ఖమ్మంల సూది ఏస్తుండ్రు. ఆ సూదికి ఒళ్లు ఉడుకుతది, గిట్ల చెమట పడతది, ఏడుపొస్తది. గంతే. గిది భక్తి గాదు. పదేండ్ల కింద మా రిబ్కాకు వచ్చింది గిదే. ఆమెకు సూది లేదు, వయసుకు వచ్చింది. ఆడోళ్లందరికి వస్తదట. దయ్యం అని పేరు పెట్టింది నేను. కూటానికి తోల్కపోయింది నేను. దయ్యం గియ్యం ఏం లేకుండె."

ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. మళ్లీ ఏడుపు ముంచుకొచ్చింది. ఈసారి నన్ను చూసి ఎవరూ మోకరించలేదు.

నా ఈడు మగవాళ్లు నేల చూపులు చూశారు. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు, ఎవడో వాడి నోరు మూయించాడు. రుమాళ్లు పట్టుకున్న ఆడవాళ్లు వాటిని ఎక్కడ దాచాలో తెలియక నిలబడ్డారు. ముత్తక్క ముఖం కందగడ్డలా అయింది. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. దగ్గరికొచ్చి, తల వంచి, ఎప్పుడూ గుట్ట కింద దాకా వినిపించే ఆ గొంతును నా చెవి దాకా తగ్గించింది.

"అన్నా, ఆ ఉడుకు తగ్గెటందుకు ఆ దవాఖానల మందేమన్న ఇస్తరా?"

"ఎవలకు ముత్తక్కా?"

ఆమె పైపెదవి మీద చెమట బొట్లు నాకు అప్పుడే కనబడ్డాయి. ఆమె వెనక రుమాలు పట్టుకున్న ఆడవాళ్లలోంచి పున్నమ్మ, ఎవరితోనూ కానట్టు, "నిద్ర పట్టకుంటె గూడ ఇస్తరా?" అని అడిగింది.

ఫాదర్‌గారు గొంతు సవరించుకుని, ఇక పదో బండకు పదండి అన్నారు. ఇద్దరు వయసు మగవాళ్లు ముందుకొచ్చి సిలువ చెరో వైపు పట్టుకున్నారు. జనం కదిలింది. రిబ్కా కోసం చూశాను. పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంటుందని, కళ్లలో నీళ్లు పెట్టుకుంటుందని ఏదో ఆశ. ఆమె జనంతో పాటు నా పక్క నుంచే నడుస్తూ, "అంచుకు నిలబడు, కాళ్లకు అడ్డం వస్తున్నవ్" అని గుట్ట ఎక్కుతూ పోయింది.

ఈస్టర్ మర్నాడు ఇద్దరం తొమ్మిదింటి బస్సు ఎక్కాం. దారిలో ఎక్కువ మాట్లాడుకోలేదు. సూది ఆలస్యం చేసినందుకు డాక్టరు నన్ను గట్టిగానే మందలించి, రక్తపరీక్ష రాసి, సూది గదికి పంపాడు. అక్కడ నర్సు, మా చిన్నమ్మాయి ఈడు పిల్ల, కాగితం మీద నా వివరాలు రాసుకుంది. రోజుకు ఎన్నిసార్లు సెగలు వస్తున్నాయి, ఎంతసేపు ఉంటున్నాయి, నిద్ర ఎట్లా ఉంది. దాచకుండా అన్నీ చెప్పాను. చెబుతుంటే లోపల ఏదో బిగింపు సడలినట్టు హాయిగా ఉంది. ఇక అంతా సర్దుకుందని కూడా అనుకున్నాను.

సూది వేసి, దూది ఒత్తి పట్టుకోమని, ఆ పిల్ల గోడ పక్కన కూర్చున్న రిబ్కా వైపు తిరిగింది.

"నువ్వేమన్న చూపించుకున్నవా అమ్మా? నీ ఈడోళ్లకు ఎముకల పరీక్ష చెయ్యాలె. నీకు గీ ఉడుకులు ఎన్నేండ్లు ఉండె? ఎప్పుడు తగ్గినయ్?"

రిబ్కా సంచిని ఒళ్లోకి లాక్కుంది. నర్సును కాదు, నన్ను చూసింది.

"ఆయన్ని అడుగు బిడ్డా. పక్కపొంటే పండుకున్నడు గద."

నర్సు నిజంగానే పెన్ను పట్టుకుని నా వైపు తిరిగింది. రాసుకోవడానికి సిద్ధంగా ఉంది. రిబ్కా కూడా చూస్తోంది, ఎగతాళిగా కాదు, జవాబు వినాలన్నట్టే. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే గదిలో పడుకున్నాం. రెండేళ్లా, నాలుగేళ్లా, ఆరా? ఏ రాత్రి ఆమె తడిసిన జాకెట్ మార్చుకుని వచ్చి పడుకుందో, ఏ రాత్రి నుంచి మార్చుకోవడం మానిందో, నేను ఎంత వెతుక్కున్నా ఒక్కటీ దొరకలేదు.

"తెల్వదమ్మా" అన్నాను.